పంచదార వెయ్యని గ్లాసు

ఆఫీసులో పెన్సిలు చెక్కినప్పుడల్లా ఆ పొట్టు వాసనకు రూతు ఆంటీ గుర్తొస్తారు. ఆమెది నరసాపురం దగ్గర పల్లె. గల్ఫ్‌లో, దుఖాన్ అనే ఊళ్ళో, ఒక చమురు కంపెనీలో తనిఖీ రిపోర్టులు సరిచూసేవారు. ఏ ఇంజినీరైనా "పైపు బాగుంది" అని రాస్తే, ఎక్కడ కొలిచాడో చూపించేదాకా సంతకం పెట్టేవారు కాదట. అక్కడ సెలవురోజైన శుక్రవారం, చర్చి అయ్యాక, ఆ దగ్గర్లోనే అబూ హమూర్‌లోని మా ఫ్లాట్‌లో ఆరేడుగురు కూర్చుని ఒక తెలుగు కథ చదివేవాళ్ళు. అక్కడా ఆంటీదే నియమం: అర్థం చెప్పేవాళ్ళు వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. నేను టీలు అందించి, మూలన కూర్చుని, నాకు తోచింది డైరీలో రాసుకునేదాన్ని. పైకి ఒక్క మాటా అనేదాన్ని కాదు.

ఒక వారం చదివిన కథలో, ఒంటరిగా ఉండే ముసలామె రోజూ రెండు గ్లాసుల్లో టీ పోస్తుంది. రెండోది ఎవరికో రచయిత చెప్పడు.

"చనిపోయిన భర్తకి. అది ఆవిడ శోకం," అన్నారు ప్రసాద్ అంకుల్.

"వేలెక్కడ పెడతారండీ?" అన్నారు ఆంటీ. " పొద్దున్నే నేనూ రెండు గ్లాసులు తాగుతాను. మా ఆయన నిక్షేపంగా ఉన్నాడు." అందరూ నవ్వారు. ఆంటీ తన జిరాక్సు కాగితం అంచున 'రెండూ తనకే' అని పెన్సిలుతో రాసేశారు.

నా డైరీలో అప్పటికే వేరే మాట ఉంది. చెబితే నవ్వుతారేమో. చెప్పకపోతే అది ఎప్పటికీ డైరీలోనే ఉండిపోతుంది. నా వేలు మాత్రం ఒక వాక్యం మీద ఆగిపోయింది. ఆంటీ చూశారు.

"ఏవే, వేలు పెట్టేసి నోరు కట్టేసుకున్నావేంటి? చెప్పు."

"మొదటి పేజీలో ఆవిడ తన టీలో మూడు చెంచాల పంచదార వేసుకుంది ఆంటీ. ఇక్కడ రెండో గ్లాసులో అసలు వెయ్యలేదు. అది ఆవిడది కాదు."

"మరి మొగుడిదేనా?"

"అది కథలో లేదు. పంచదార తాగని మనిషెవరిదో. నా వేలు అంతవరకే ఆనుతుంది."

ఆంటీ రెండు పేజీలూ తిప్పి తిప్పి చూశారు. రబ్బరు తీసి తన మాట చెరిపేశారు. అక్కడ నా మాట రాసి, పక్కన నా పేరు రాసి, రిపోర్టు మీద పెట్టినట్టే కింద సంతకం పెట్టారు. "ఇన్నేళ్ళూ ఇంజినీర్లు నాకు దొరికారు. ఇవాళ ఈ పిల్లకి నేను దొరికిపోయానండోయ్!" అన్నారు, తానే గెలిచినంత గర్వంగా.

ఆంటీ రిటైరై ఊరెళ్ళారు. ఆ కాగితం నా డైరీలో ఉంది. ఇప్పుడు శుక్రవారాలు కథ చదివించేది నేనే. మొన్న కొత్తగా వచ్చిన అమ్మాయి నా మాటకు అడ్డు చెప్పి, బెదురుగా ఒక వాక్యం మీద వేలు పెట్టింది. నేను రబ్బరు అందుకున్నాను.