విత్తనం నోట్లో వేసుకోని ఇల్లు

2022, తొలకరికి ముందు. పాకాలలో ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఏ ఇంటికెళ్లినా విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తూ కనిపించేవాళ్లు. నాకు అనుమానం ఎక్కువ. అనుమానం పెనుభూతమంటారు గానీ, చంటిపిల్లల దగ్గర పనిచేసేవాళ్లకు ఆ భూతం తోడుండాల్సిందే. మాటలు రాని పిల్లల బదులు పెద్దవాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పేదంతా నిజం కాదు.

ఆ ఉదయం ఒక అవ్వ, తాత రెండేళ్ల మనవణ్ణి తీసుకొచ్చారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి దగ్గు. జ్వరం లేదు. జలుబు దగ్గయితే చెప్పి వస్తుంది, ముందు ముక్కు కారుతుంది, ఒళ్లు వెచ్చబడుతుంది. ఇది ఉన్నట్టుండి పట్టుకుంది. నాకది మింగుడు పడలేదు.

"దగ్గు వచ్చేముందు ఏం చేస్తా ఉన్నాడవ్వా?"

అవ్వ నోరు తెరిచేలోపే తాత అందుకున్నాడు. "ఆడుకుంటా ఉన్నాడమ్మా. కోడలు ఐసు కొనిచ్చినాది, దాందే ఇదంతా."

"శనక్కాయలేమైనా తిన్నాడా?"

"విత్తనాల కాయలమ్మా అవి! మా నాయన కాలం నించి మా ఇంట్లో విత్తనాన్ని ఎవురూ నోట్లో ఏసుకోరు. ఏసుకుంటే పంట పండదు. అంత బుద్ధిలేనోళ్లం కాదు."

అవ్వ మనవడి చొక్కా గుండీ పెడుతోంది. పెట్టిన గుండీనే విప్పి మళ్లీ పెట్టింది.

డాక్టరుగారు స్టెతస్కోపుతో రెండు వైపులా విన్నారు. కుడివైపు గాలి సరిగా ఆడటం లేదు. వీజ్, అంటే పిల్లికూత, ఆ ఒక్కవైపే ఉంది. "లోపల ఏదో ఇరుక్కున్నట్టుంది, వెంటనే తిరుపతికి తీసుకెళ్లండి" అన్నారు.

"దగ్గుకు తిరుపతి దేనికి సార్? మందు రాసియ్యండి, పోతాం" అని తాత లేచి నిలబడ్డాడు. ఎంత చెప్పినా వినడే!

"తాతా, బిడ్డకు వేడినీళ్లు కావాల. ఎదురుగా టీకొట్లో పట్టుకొస్తావా?" అన్నాను. మా ఫ్లాస్కు నిండుగానే ఉంది. ఆ సంగతి ఆయనకెందుకు?

ఆయన గడప దాటగానే అవ్వ బావురుమంది. "నేనే పెట్టినాను సిస్టరమ్మా. కాయలు ఒలుస్తా ఉంటే ఒకటే ఏడుపు. రెండు విత్తనాలు నోట్లో ఏసినాను. పొలమారి నీలంగా అయిపోయినాడు. ఈపు తట్టితే తేరుకున్నాడు. ఆయనకు తెలిస్తే ఈ ఏడు పంట పోయిందంటే నావల్లేనంటాడు."

"పంట సంగతి తర్వాత. బిడ్డకు ఊపిరి ఆగితే ఏం చేస్తావవ్వా?" నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది.

తాత నీళ్లతో వచ్చాడు. నేను చెప్పనక్కర్లేకుండా అవ్వే చెప్పేసింది.

"నాతో చెప్పలేకపోయినావా?" అన్నాడు.

"నీకు బిడ్డ ముందో, విత్తనం ముందో నాకు తెలీలా."

ఆయన గ్లాసు బల్లమీద పెట్టి, మనవణ్ణి భుజాన వేసుకుని, "బండి యాడుండాది?" అని అడిగాడు. అంబులెన్సు పిలిచాం. తిరుపతిలో బ్రాంకోస్కోపీ చేశారు, అంటే నోటిగుండా ఊపిరిగొట్టంలోకి సన్నని గొట్టం పంపి చూడటం. సగం పలుకు బయటికొచ్చింది. పిల్లాడు దక్కాడు.

అయిదేళ్లలోపు పిల్లలకు గింజలు, పలుకులు పెట్టొద్దని ఇప్పుడు అందరికీ చెబుతాను. ఉన్నట్టుండి మొదలైన దగ్గుతో ఎవరైనా వస్తే మాత్రం, ఏం తిన్నాడని వెంటనే అడగను. ఎవరి ముందు ఎవరు నోరు విప్పడం లేదో చూస్తాను. ఫ్లాస్కు నిండుగా ఉన్నా సరే, ఒకరిని వేడినీళ్లకు పంపిస్తాను.