పంచదార లేని ఇల్లు

మోకాళ్ల నొప్పులకని ఈమధ్య తెనాలిలో డాక్టరు గారి దగ్గరికి వెళ్లి కూర్చుంటే, పక్క కుర్చీలోని పదేళ్ల పిల్ల జబ్బకు అంటించుకున్న బిళ్లలాంటిదాని దగ్గర ఫోను పెట్టి చూసుకుని, "అమ్మా, షుగర్ దిగుతోంది" అంటూ సంచీలోంచి చాక్లెట్టు తీసి నోట్లో వేసుకుంది. వాళ్లమ్మ సరేనంది, అంతే. నేను మాత్రం ఆ పిల్ల చాక్లెట్టు మింగేదాకా చూపు తిప్పుకోలేకపోయాను. ఆ జబ్బు పేరెత్తితే ఇల్లంతా బిగుసుకుపోయిన రోజులు నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటాయి.

అరవైల చివర్లో మేం రేపల్లెలో ఉండేవాళ్లం. తొమ్మిదేళ్ల మా చెల్లి బిందెడు నీళ్లు తాగుతూ కూడా చిక్కి శల్యమైపోతుంటే దిష్టి తీయించి, తాయెత్తు కట్టించి, బాపట్లలో నులిపురుగుల మందు పోయించి, చివరికి నాన్నా నేనూ రైల్లో తెనాలి తీసుకువెళితే, అక్కడి పెద్ద డాక్టరు చక్కెర జబ్బన్నాడు. పిల్లలకు కూడా వస్తుందని మాకేం తెలుసు! రోజూ పొద్దున్నే సూది వేయాలి, వేసిన అరగంటలో అన్నం పెట్టాలి, తీపి ముట్టనివ్వకూడదు, అయితే ఎప్పుడైనా చెమటలు పట్టి తూలితే మాత్రం వెంటనే పంచదార నోట్లో వేయాలి, అందుకో పొట్లం దగ్గరుంచుకోండి అని చెప్పాడు. బత్తాయి మీద గుచ్చి గుచ్చి సూది వేయడం నేర్చుకున్నాను. మందుసీసా చల్లగా ఉండాలని కుండలో తడి ఇసుక పోసి అందులో దాచేదాన్ని.

డాక్టరు చెప్పిన ఆ చివరి మాట మా నాయనమ్మకు మింగుడు పడలేదు. విషమన్నవాడే దాన్ని పక్కన పెట్టుకోమంటాడేంటి, మతి ఉండే అన్నాడా అని, బెల్లం కుండ, పంచదార డబ్బా ఇంట్లోంచి వెళ్లగొట్టి, వీధిలో గడపగడపకూ తిరిగి పిల్లకు తీపి పెట్టబోమని ఒట్టు వేయించుకుంది. ప్రేమే, కాదనను. డాక్టరు మాట స్వయంగా విన్న నేను నోరెత్తలేదు. పెద్దవాళ్లకు ఎదురుచెప్పే పిల్లలమా మనం?

అసలు గండం నాగుల చవితి నాడు వచ్చింది. వేళకు సూది వేసి అన్నం పెట్టబోతే, పుట్టలో పాలు పోసి వచ్చాకే ఎవరికైనా అంది నాయనమ్మ. ఎంతసేపులే అనుకున్నాను, బుద్ధి లేక. పుట్ట దగ్గర ఊరంతా ఉంది. గంట దాటినా మా వంతు రాలేదు. చెల్లి నా ఓణీ పట్టుకుని ఏదో గొణిగింది, చూస్తే ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దయింది, కళ్లు తేలేస్తూ నా మీదికి ఒరిగిపోయింది.

నాగేంద్రుడికి ఆగ్రహం వచ్చిందని నాయనమ్మ లెంపలు వేసుకుంటోంది. నేను పక్కింటి పిన్ని పళ్లెంలోని చిమ్మిలి అడిగాను, నువ్వులూ బెల్లమూ దంచిన ఉండ.

"మీ నాయనమ్మకి ఒట్టేశానే తల్లీ! పైగా స్వామికింకా పెట్టలేదు" అని ఆవిడ పళ్లెం వెనక్కి తీసుకుంది. నేను లాక్కున్నాను. చిమ్మిలిని పుట్టలో పోయాల్సిన పాలతో మెత్తగా మెదిపి చెల్లి బుగ్గ లోపల రుద్దుతుంటే నాయనమ్మ నా జడ పట్టుకుంది.

"చంపేస్తావటే దాన్నీ!"

"పెట్టకపోతేనే చచ్చిపోద్ది, వదులూ!" అని అరిచాను. ఆవిడ మీద అరవడం నాకదే మొదలు.

ఎంతసేపు రుద్దానో తెలియదు. ఒక గుటక పడింది, కాసేపటికి మరొకటి, ఆ తర్వాత కళ్లు తెరిచింది. పెదవులు నాక్కుని, తీపి తగలగానే నాయనమ్మ వైపు చూసి, మొహం తెల్లబోయి, "నేను తినలేదు నాయనమ్మా, ఒట్టు" అంది.

నాయనమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. మర్నాడు పొద్దున్న ఆవిడే దాని పరికిణీ బొందుకు పంచదార మూట కట్టింది.

చెల్లి ముప్పై దాటి ఎక్కువకాలం లేదు, మూత్రపిండాలు పోయాయి. ఇప్పటి మందులూ యంత్రాలూ అప్పుడుంటే ఇంకెన్నేళ్లు బతికేదో అని ఈ వయసులో కూడా ఊరికే అనుకుంటూ ఉంటాను. పెద్దయ్యాక, తన జబ్బు గురించి మా అందరికంటే బాగా తెలిశాక కూడా, ఒళ్లు తూలి పంచదార వేసుకోవలసి వచ్చినప్పుడల్లా అది గోడవైపు తిరిగి వేసుకునేది.