సీటు కవర్లు కూడా బండితోనే పోతాయట

ఈ రోజు మా పాత అంబాసిడర్ ఇన్సూరెన్స్ కోసం అమీర్‌పేటలో ఏజెంటు దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ ఈ పని నా భార్య చూసుకునేది. ఆమె పోయాక ఇదే మొదటిసారి.

"థర్డ్ పార్టీ ఒక్కటేం జేస్కుంటరు సార్? ఫుల్ తీస్కోండి, ఫికర్ ఉండదు. బండి నుజ్జయిందనుకోండి, పైసలిచ్చి కంపెనీవాళ్లే తీస్కపోతరు."

"లోపల సీటు కవర్లున్నాయి. మా ఆవిడ కుట్టింది."

"గవి సుత బండితోనే పోతయ్ సార్."

థర్డ్ పార్టీయే చాలన్నాను. ఎదుటివాళ్లకు నష్టమైతే వాళ్లకు అందుతుంది. నుజ్జయినా నా బండి నాకే మిగులుతుంది.

తిరిగొస్తుంటే పంజాగుట్ట చౌరస్తాలో సిటీ బస్సొకటి దాదాపు రాసుకుంటూ వెళ్లింది. శ్రీనగర్ కాలనీ చేరేదాకా రెండో గేరు దాటలేదు.

ఇంటికి రాగానే కవర్లు విప్పి బీరువాలో దాచేద్దామనుకున్నాను. ఆమె కూర్చునే సీటు వెనక ముడి పట్టుకుని ఆగిపోయాను. అది ఆమె వేసిన ముడి. విప్పితే మళ్లీ వేయడానికి ఆమె లేదు.

రేపటి నుంచి ఆ సిటీ బస్సులోనే వెళ్తాను. పాత బండ్లున్నవాళ్లు చెప్పండి, ఇంత భయంతో మీరెలా రోడ్డెక్కుతున్నారు?