ఆంటీ ముఖం మీద మా నాయనమ్మ ముడతలు

ఆ రోజుల్లో నాకు కంప్యూటరు మీదున్న ధైర్యం మనుషుల దగ్గర ఉండేది కాదు. (కంప్యూటరు ఎదురుప్రశ్న వేయదు కదా!) హన్మకొండలో మనుషులను చుట్టూరా స్కాన్ చేసి, అచ్చం వాళ్లలాంటి చిన్న బొమ్మలు ప్రింట్ చేసే దుకాణంలో కొత్తగా చేరాను. యజమానిని అందరం 'అన్న' అనేవాళ్లం. మొదటి నెల పని నచ్చితేనే ఉద్యోగం ఖాయమన్నాడు. మగ్గం వదిలి వేరే పనికి వెళ్లిన మొదటి మనిషిని మా ఇంట్లో నేనే. పని పోతే ఏ ముఖం పెట్టుకుని తిరిగి వెళ్లను?

కాజీపేట నుంచి ఒక రైల్వే అంకుల్, ఆంటీ వచ్చి షష్టిపూర్తికి జంట బొమ్మ కావాలన్నారు. స్కాన్‌లో ఆంటీ ముఖం సబ్బుబిళ్లలా నున్నగా వచ్చింది. "గిట్లుంటే ఎవలు నమ్ముతరు చెల్లె? చర్మం చర్మం లెక్క కనబడాలె. చెంపను దగ్గర్నుంచి ఫొటో తీసి స్కాన్ మీద కప్పు" అన్నాడు అన్న. ఆంటీని చెంప చూపించమని అడగడానికి నాకు నోరు రాలేదు. (ఆమె చూపు అలాంటిది.) ఇంటికెళ్లి మా నాయనమ్మ చెంప ఫొటో తీసుకున్నాను. "పౌడర్ రాసుకోనా బిడ్డా?" అని అడిగింది పాపం. ఆ ముడతలన్నీ తెచ్చి ఆంటీ ముఖం మీద పరిచి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు స్క్రీన్ చూసి ఆంటీ గుండె మీద చెయ్యేసుకుంది. "ఓయమ్మో! గీమె మా అత్త గదా!"

వాళ్లది మేనరికమని నాకేం తెలుసు! ఆంటీకి అత్తగారు సొంత మేనత్తే. ముక్కూ గదవా ముందే ఆవిడవి. తక్కువైన ముడతలు మా ఇంటి నుంచి వెళ్లాయి. అన్న చూసిన చూపుకు నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. అంకుల్ మాత్రం కళ్లజోడు తుడుచుకుని స్క్రీన్ దగ్గరికి జరిగారు. "అవ్వనే..." అన్నారు మెల్లగా. వాళ్లమ్మ పోయి చాలా ఏళ్లయిందట. "జర గిది గూడ ప్రింట్ కొట్టియ్యి బిడ్డా."

"బతికినన్నాళ్లు సతాయించింది సాలదా? ఇగ షోకేసుల గూడ కూసోవాల్నా?" అని ఆంటీ గొణిగింది. గొణుగుతూనే నా వైపు తిరిగి, "కొంగు నెత్తి మీదికి పెట్టు. మా అత్త కొంగు దిగనిచ్చేది గాదు" అంది. ఆ తర్వాత తన చెంపను తనే నా ఫోను ముందు పెట్టింది.

ఉద్యోగం ఖాయమైంది. సంగతంతా చెబితే నాయనమ్మ పొంగిపోయింది. "అయితే కాజీపేటల ఒక కోడలు నాకు రోజు మొక్కుతాంది అన్నట్టు! గీ ముచ్చట జర మీ అమ్మకు గూడ జెప్పు."

ఇప్పుడు నాయనమ్మ లేదు. ఎంత గుర్తొస్తుందో చెప్పలేను. ఊళ్లో వాళ్లందరినీ నిలబెట్టి స్కాన్ చేసిన నేను, ఆమెను ఒక్కసారైనా నిలబెట్టలేదు. ఆ వయసులో నాకు నాయనమ్మ చెంప ఒక్కటే సరిపోయింది, పిచ్చిదాన్ని.