తడి గోతాలు

నాయుడుపేట దగ్గర మేం ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు స్లాబులకు నీళ్లు పట్టే పని ఆమెది. సత్యవేడు వైపు నుంచి వచ్చేది. మేస్త్రీలు 'నీళ్లామె' అనేవాళ్లు, నేనూ అంతే. నీళ్లు పట్టేముందు ప్రతిసారీ స్లాబు మీద అరచెయ్యి ఆనించి చూసేది. "ఒళ్లు కాలతా ఉండాది సారూ" అంటూ, జ్వరమొచ్చిన బిడ్డకు తడిగుడ్డ వేసినట్టు తడి గోతాలు కప్పేది.

అక్కడ ఇంజనీరుగా కాంక్రీటులో సూక్ష్మజీవుల పొడి కలిపించింది నేనే. సన్నని పగుళ్లొచ్చినా ఆ జీవులే సున్నం తయారుచేసి పూడ్చేస్తాయని, ఇక ఎప్పట్లా రెండు వారాలు అక్కర్లేదు, మూడు రోజులు తడిపితే చాలని ఆమెకు చెప్పాను.

"ఆ పురుగులకి మాత్రం దాహమెయ్యదా సారూ?" అంది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

వారం తిరగకముందే స్లాబంతా వెంట్రుకల్లాంటి పగుళ్లు. మేనేజరు నిలదీస్తే "నీళ్లు సరిగా పట్టలేదు" అన్నాను. అబద్ధం కాదు. మూడు రోజులకే ఆపించింది ఎవరో మాత్రం చెప్పలేదు. ఆయన ఆమెను పిలిచి అందరి ముందూ తిట్టాడు. ఆమె ఒక్కసారి నా వైపు చూసి, "తప్పయిపోయింది సారూ" అంది ఆయనతో.

ఆ పూటే మళ్లీ గోతాలు తడిపి కప్పింది. రోజూ తడుపుతూనే ఉంది. కొన్ని వారాలకు పగుళ్లలో తెల్లగా సున్నం పేరుకుని అవి మూసుకుపోయాయి. మేనేజరు నా పొడిని మెచ్చుకుని నా భుజం తట్టాడు.

ఆయన వెళ్లాక ఆమె స్లాబు మీద చెయ్యి ఆనించింది.

"జొరం తగ్గిందిలే సారూ. నువ్వింక దిగులు పడబాకు."