ఉల్లిపొర రంగు గూడబాతు

చలికాలం మొదలైతే మా అచ్చాఫీసు మేడ మీద పొద్దున్నే ఒక చప్పుడు వినిపిస్తుంది. గాజుకు గాజు తగిలినట్టు సన్నగా, తెంపులు తెంపులుగా ఉంటుంది. ఆ వెంటనే తోక ఊపుకుంటూ ఒక చిన్న పిట్ట నీళ్ల ట్యాంకు కింద తడి సిమెంటు మీద నడుస్తుంది. ఏటా ఎక్కడో ఉత్తరాది కొండల నుంచి వచ్చి, ఇంత పెద్ద బెంగళూరులో ఆ కారుతున్న ట్యాంకునే వెతుక్కుంటుంది. దిద్దుతున్న ప్రూఫు పక్కన పెట్టి నేను కిటికీ దగ్గరికి వెళ్తాను. ఈ ఏడు అది వచ్చిన రోజు, నా పక్క బల్ల దగ్గర కూర్చునే సునంద కూడా లేచి వచ్చింది. "ఏం పిట్టే అది? వట్టి బూడిద రంగులో ఉంది" అంది. "ఉండు, ఎండలోకి రానీ" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆ మాట నాది కాదు. బళేపేటలో గాజుల అంగడి నడిపిన రామయ్య శెట్టిగారిది.

తొంభైల మధ్యలో పీయూసీ, అంటే ఇక్కడి ఇంటరు, అయ్యాక నేను ఆయన అంగట్లో బిల్లులు రాసే పనికి వెళ్లాను. హిందూపురం వైపు నుంచి వచ్చి యలహంక పాత ఊళ్లో అద్దెకుండేవాళ్లం. మా నాన్న తాపీ మేస్త్రీ. కొత్త మనుషుల ముందు నాకు గొంతు పెగిలేది కాదు. చెప్పలేకపోయినవన్నీ రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. ఉద్యోగం అడగడానికి వెళ్లిన రోజు ఏం అడుగుతారో, ఏం చెప్పాలో దారి పొడుగునా బస్సులో వల్లె వేసుకున్నాను. లెక్కలు వచ్చా అంటే ఇలా, ఇంగ్లీషు వచ్చా అంటే ఇలా అని. శెట్టిగారు అవేవీ అడగలేదు.

"యాడుంటారు?" అన్నారు.

"యలహంకలో."

"చెరువుకు దగ్గరా?"

"గట్టు పక్క వీధే."

ఆయన గల్లాపెట్టె మీదుగా ముందుకు వంగారు. "అయితే చెప్పు పాపా, గూడబాతులు దిగినాయా?"

గూడబాతు అంటే ముక్కు కింద సంచి వేలాడే పెద్ద నీటి పక్షి అని కూడా నాకు అప్పుడు తెలియదు. తల దించుకున్నాను. గిరాకీల చేతులకు గాజులు తొడిగే మునెమ్మ మూల నుంచి పకపకా నవ్వింది. "బిల్లు రాసేది వచ్చునా అని అడగాల్సింది పోయి బాతులు దిగినాయా అంటాడు చూడు ఈ అప్ప!"

"నువ్వు సుమ్మనె ఉండు మునెమ్మా. పాపా, ఈ సాయంత్రం చూసి రేపొచ్చి చెప్పు. పని రేపటి నుంచే."

అలా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మా చెరువును చూడ్డానికని చెరువు దగ్గరికి వెళ్లాను. బట్టలు ఉతకడానికీ, అడ్డదారిన బస్టాపుకు పోవడానికీ ఎన్నోసార్లు దాటిన గట్టే అది. ఆ సాయంత్రం నీళ్ల మీద తెల్లని పడవల్లాంటివి కొన్ని వరసగా తేలుతున్నాయి. ఒకటి ముక్కు ముంచితే అన్నీ ముంచాయి. మర్నాడు "దిగినాయి" అని ఒక్క మాట చెప్పాను. దానికే ఆయన నాకు టీ తెప్పించారు.

ఆ అంగట్లో ఒక పద్ధతి ఉండేది. చీర పట్టుకొచ్చి దానికి జోడు గాజులు అడిగిన ఏ ఆడమనిషికీ శెట్టిగారు లోపల గాజులు చూపించి పంపేవారు కాదు. చీర కొంగునూ గాజునూ తీసుకుని గడప దగ్గరికి నడవాల్సిందే. "ట్యూబులైటు కింద ఏది చూసినా అబద్ధమే చెప్తాదమ్మా. వెలుతురులోకి రా" అనేవారు. కొందరు విసుక్కునేవారు. ఆయన కదిలేవారు కాదు. ఆ గడప దగ్గరే నేను రంగుల పేర్లు నేర్చుకున్నాను: వక్క రంగు, మెంతి రంగు, నేరేడు రంగు, నెమలి కంఠం, ఉల్లిపొర. ఉల్లిపాయ పై పొట్టు తీశాక లోపల కనిపించే ఆ పలచని గులాబీనే ఉల్లిపొర అంటారు. ఎరుపుకు, తెలుపుకు మధ్య ఇన్ని మెట్లున్నాయని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున బైనాక్యులర్‌ను తువ్వాలులో చుట్టుకుని ఆయన యలహంక వచ్చేవారు. పిట్టలకూ ఆయన గాజుల పేర్లే పెట్టేవారు. రెల్లు మీద తక్కువ ఎత్తున తిరిగే గద్ద వక్క రంగు. సూదిలాంటి తోక ఉన్న బాతు మెడ పాత ఇటుక రంగు. ఒక చలికాలం, నెత్తి మీద రెండు నల్లగీతలున్న బాతులు కొన్ని మా చెరువు ఒడ్డున గడ్డి మేస్తూ కనిపించాయి. "ఇవి హిమాలయాల మీదుగా ఎగిరొచ్చినాయి పాపా, మీ ఇంటి ఎనక గడ్డి తినేదానికి" అని ఆయన గుసగుసగా చెప్తే, ఆ రోజంతా మా వీధి నాకు కొత్తగా కనిపించింది. పక్షులను చూసేవాళ్లు కొందరు కలిసి నడిపే చిన్న పత్రిక ఒకటుండేది. ఎవరు ఎక్కడ అరుదైన పక్షిని చూసినా దానికి రాసి పంపాలి. శెట్టిగారు తెలుగులో చెప్పేవారు, నేను ఇంగ్లీషులో రాసేదాన్ని.

ఆ పత్రికలో ఆయనకు ఒకే ఒక్క గొప్ప వార్త ఉండేది. నేను చేరడానికి చాలా ఏళ్ల ముందు ఒక తెల్లవారుజామున, మామూలు గూడబాతుల మధ్య ఒక గులాబి గూడబాతును చూశానని ఆయన ఎవరిచేతో రాయించి పంపారు. మా వైపుకు అది ఎప్పుడో గాని రాదు. పత్రిక వాళ్లు వేశారు గాని పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఇంకెవరూ చూడలేదని. ఆ వార్త ఉన్న కాగితాన్ని ఆయన ఎవరికీ చూపించేవారు కాదు. కానీ ప్రతి చలికాలం మొదట్లో నన్ను అడిగేది మాత్రం అదే: "దిగినాయా? అందులో ఏదన్నా ఉల్లిపొర ఉండాదా?"

నేను చేరిన మూడో ఏడు, నేరేడు రంగు చీర తెచ్చిన చిక్కబళ్లాపురం ఆమెకు శెట్టిగారు గడప దగ్గరే నిలబడి వక్క రంగు గాజులు చేతిలో పెట్టారు. ఆమె అయోమయంగా నా వైపు చూసింది. నేను మాట్లాడకుండా సరైన డజను తెచ్చి మార్చాను. ఆమె వెళ్లాక ఆయన చాలాసేపు వీధిలోకి చూస్తూ నిలబడ్డారు.

"కంట్లో పొర వచ్చిందంట పాపా. ఇంకా ముదరాల, అప్పుడు కోస్తామంటారు. నీలము, నలుపు ఒకటే మాదిరి ఉండాయి నాకు. ఎవరికీ చెప్పొద్దు. రంగు తెలీని గాజులోడి అంగడికి ఎవరొస్తారు?"

ఆ రోజు నుంచి గడప దగ్గర నేను నిలబడేదాన్ని. "మా పాప కన్ను మంచిది" అని ఆయన గిరాకీలకు చెప్పేవారు. గొంతు పెగలని నేను "ఇది కాదండీ, అది" అనడం అక్కడే మొదలుపెట్టాను. మునెమ్మ ఒకసారి నా చెవిలో అంది: "నాకు తెలీదనుకుంటాడు. పోయిన పండగకు నాకు నల్ల చీర పెట్టి, నీలం బాగుండాది కదా అన్నాడు. నల్లదే కట్టుకుని తిరిగితిని, ఏం చేసేది!"

ఆ చలికాలమే పత్రిక వాళ్ల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ప్రాంతంలో చలికాలాల్లో కనిపించిన అరుదైన పక్షులన్నిటినీ ఒకచోట చేర్చి అచ్చు వేస్తున్నారట. ప్రశ్నార్థకం ఉన్నవాటికి ఇంకేదైనా ఆధారం ఉంటే పంపాలి, లేకపోతే తీసేస్తారు. నేను చదివి వినిపించాను. శెట్టిగారు రెండోసారి చదివించుకున్నారు. "అది మళ్లా వస్తే చాలు. నీ కన్ను ఉండాది కదా" అన్నారు. ఆయన ఇన్నేళ్ల పక్షుల పిచ్చిలో అచ్చులో మిగిలే ముక్క అదొక్కటే. దాన్ని నిలబెట్టాల్సింది నా కళ్లు.

ఉల్లిపొర కనిపించకుండానే ఆదివారాలు గడిచిపోయాయి. చలి తగ్గుముఖం పడుతున్నప్పుడు, ఒక పనిరోజు పొద్దున, చీకటి పూర్తిగా విడవకముందే ఆయన మా వీధికి వచ్చేశారు. అంగడి తాళాలు నడుముకే ఉన్నాయి. చూసి అటే బస్సెక్కేద్దామన్నారు. చెరువు మీద మంచు. తూర్పు ఎర్రబడుతోంది. గూడబాతులు వరసగా, చివర ఒకటి విడిగా.

"ఆ చివర్ది చూడు. ఏం రంగు?"

బైనాక్యులర్ పెట్టి చూశాను. "ఉల్లిపొర."

"బాగా చూసి చెప్పు."

"ఉల్లిపొరే, శెట్టిగారూ."

ఆయన గట్టు రాయి మీద కూలబడ్డారు. ఇక ఉత్తరం రాయమంటారనుకున్నాను. ఆయన చేత్తో మోకాలు రుద్దుకుంటూ అన్నారు: "గడప దగ్గరికి రానీ."

కూర్చున్నాం. బస్సు వెళ్లిపోయింది, దాని వెనకది కూడా. అంగడి ముందు మునెమ్మ నిలబడి తిట్టుకుంటూ ఉంటుందని ఇద్దరికీ తెలుసు. ఎండ మెల్లగా నీళ్ల మీదికి జారింది. మంచుతో పాటే ఆ గులాబీ కూడా ఎక్కడికో పోయింది. చివరి గూడబాతు పక్కవాటిలాగే బూడిద కలిసిన తెలుపు. పై ముక్కు పొడుగునా చుక్కలు. శెట్టిగారు నన్ను అడగలేదు. తల కాస్త పక్కకు తిప్పి, నా ఊపిరి వింటున్నట్టు కూర్చున్నారు. ఇంకా ఉల్లిపొరే అంటే ఆయనకు తెలిసే దారి లేదు. పత్రిక వాళ్లకూ లేదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది.

అంతలో చెరువు అవతలి వైమానిక స్థావరం నుంచి శిక్షణ విమానం ఒకటి చెవులు చిల్లులు పడేలా లేచింది. పక్షులన్నీ ఒక్కసారిగా రెక్కలు విప్పాయి. గులాబి గూడబాతుకు రెక్క వెనక అంచు కాటుకలా నల్లగా ఉంటుందని ఆయనే నాకు నేర్పారు. మా తలల మీదుగా పోయిన ఆ రెక్కలకు నలుపు లేదు.

"చెప్పు పాపా."

"నల్లంచు లేదు శెట్టిగారూ. ఎండ తగిలాక బూడిద రంగే. ముక్కు మీద చుక్కలున్నాయి. మామూలుదే."

అంతవరకు ఆయనతో నేను ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడలేదు. ఆయన ముఖం చూడలేక చెరువు వైపు చూశాను.

"ముందు ఉల్లిపొర అంటివి కదా?"

"అప్పుడు అలాగే ఉండింది."

"నాకూ అట్లే ఉండింది, ఆ పొద్దు" అన్నారు. చిన్నగా నవ్వారు. "ఆ పొద్దు నేను ఆగలేదు పాపా. అంగడి తెరవాలని బస్సెక్కేసినా. ఊరి ఆడోళ్లందర్నీ గడప దగ్గరికి పిలిస్తినే, నా పిట్టను మాత్రం పిలవలేదు."

మేం బళేపేట చేరేసరికి మూసిన తలుపు ముందు మునెమ్మ, ఇద్దరు గిరాకీలు ఎండలో నిలబడి ఉన్నారు. "ఏం శెట్టీ, పిట్టలేమన్నా గాజులు కొన్నాయా?" అని అరిచింది.

తాళం తీస్తూ ఆయన అన్నారు: "లేదు మునెమ్మా. ఎప్పుడో ఇచ్చినవి వాపసు తెచ్చినాయి."

ఆ మధ్యాహ్నమే ఉత్తరం రాయించారు. వెలుతురు సరిగా లేదు కాబట్టి అని నేను ఒక ముక్క చేర్చబోతే వద్దన్నారు. "అది గులాబిది కాదని నాకు తెలీదు. అవునని కూడా తెలీదు. కాబట్టి తీసేయండి. అంతే రాయి." సంతకం పెట్టాక బరువు దించుకున్నవాడిలా కాదు, దాచుకున్నదేదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నారు. ఆయన బాధపడలేదని నేను చెప్పను. ఆ వారం అంతా నన్ను గూడబాతుల గురించి అడగలేదు.

పొర ముదిరాక కళ్ల ఆపరేషన్ జరిగింది. కట్టు విప్పి, నల్ల కళ్లద్దాలతో అంగడికి వచ్చిన రోజు ఆయన ఎవరినీ పలకరించలేదు. నీలం గాజుల పెట్టె, నల్ల గాజుల పెట్టె రెండూ మోసుకుని గడప దగ్గరికి వెళ్లి అద్దాలు తీశారు. "ఇంత నీలమా పాపా!" అన్నారు. మునెమ్మ అదే నల్ల చీర కట్టుకుని ఎదుటికొచ్చి నిలబడింది. ఆయన చూసి తల కొట్టుకున్నారు.

మరుసటి చలికాలం మళ్లీ చెరువు గట్టు మీద కూర్చున్నాం. తూర్పు ఎర్రబడగానే గూడబాతులన్నీ, ఒక్కటి మిగలకుండా, ఉల్లిపొర రంగుకు తిరిగాయి. ఆయన చిన్నపిల్లాడిలా చూస్తూ ఉండిపోయారు. "ఎంత అందంగా అబద్ధం చెప్తాదో చూడు ఈ పొద్దు" అన్నారు. తర్వాత కొన్నేళ్లకు, రెండువేల సంవత్సరం దాటాక, ఆ పత్రికలో ఒక చిన్న వార్త వచ్చింది: వేరే చెరువులో గులాబి గూడబాతు, మిట్టమధ్యాహ్నం, రెక్క వెనక నల్లంచుతో సహా. అప్పటికి ఆయన మంచం పట్టారు. చదివి వినిపిస్తే కళ్లు మూసుకునే నవ్వారు. "ఎవరో ఆగినట్టుండారు" అన్నారు.

ఆయన పోయాక అంగడి చేతులు మారింది. నాకు అచ్చాఫీసులో పని దొరికింది. సొంత కంటి మీద నమ్మకం, దాని మీదే అనుమానం, రెండూ కలిపి మోయవచ్చని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ప్రూఫులో నాకు బాగా నచ్చిన వాక్యం కనిపిస్తే, దాన్ని కాసేపు పక్కన పెట్టి మధ్యాహ్నం మళ్లీ చూస్తాను. ఎంతటి వారు రాసినా తప్పుంటే "ఇది కాదండీ" అంటాను. గొంతు ఇప్పటికీ వణుకుతుంది గాని మాట బయటికి వస్తుంది.

మేడ మీద ఆ పిట్ట తోక ఊపుకుంటూ ట్యాంకు నీడ అంచు దాటింది. సునంద నా భుజం పట్టుకుంది. "వచ్చింది, వచ్చింది. ఇప్పుడు చెప్పు, ఏం రంగు?"

"నువ్వు చూసి నాకు చెప్పు" అన్నాను.