బోర్లించిన ఏనుగులు

ఈ పరాయిదేశంలో, వెస్ట్‌మీడ్ స్టేషన్‌లో రైలెక్కాక పక్కసీట్లోని ఇటలీ పెద్దాయన ఫోన్‌లో తన ఊరి ఫొటో చూపించాడు. కొండమీద చిన్న ఊరు, చుట్టూ వందల ఏళ్లనాటి కోటగోడ, దానికో రాతిద్వారం.

"భూకంపానికి ఈ ద్వారం కూలిపోయింది. ఒక్క రాయి కూడా ఎవరూ ఇంటికి పట్టుకుపోలేదు. నంబర్లేసి, మళ్లీ ఎక్కడివక్కడ పేర్చాం. నేనూ మోశాను," అన్నాడు ఇంగ్లీషులో. "మీ ఊళ్లో పాతవేమైనా ఉన్నాయా?"

మా ఊరి కోటగుమ్మం రాయి మా పెరట్లోనే ఉంది. తాతయ్య బండిమీద తెచ్చి, చెక్కిన ఏనుగుల్ని కిందకు బోర్లించి, బట్టలుతికే బండగా వేయించాడు. ఊళ్లో ఇంటింటా కోటరాళ్లున్నాయి. కోటే లేదు.

"ఏమీ లేవంకుల్," అన్నాను, కిటికీలోంచి బయటకు చూస్తూ.

ఆయన జాలిగా నా చెయ్యి తట్టాడు. "బాధపడకు మేట్. కొత్త ఊళ్లూ పాతబడతాయి."